‘బి.పి. మునుపటిదే గదా’ అన్న మాటను ఇక ఒప్పుకోరాదు

మన ఇళ్ళలోనూ, మన ఊళ్ళ దవాఖానలలోనూ గర్భవతిని గూర్చి తరచుగా పలికే మాట ఒకటి ఉన్నది: ‘ఆమెకు బి.పి. మునుపటినుంచే ఉన్నది గదా!’ వినడానికి అది ఊరడింపు మాటవలె ఉంటుంది. పలికేవారి మనసులో దురుద్దేశమేమీ ఉండదు. కాని ఆ మాట వెలువడిన తరువాత మూత్రపరీక్ష అవసరం లేదనిపిస్తుంది. పెద్ద దవాఖానకు ప్రయాణం రేపటికి వాయిదా పడుతుంది. తలనొప్పికి ఒక మాత్ర మింగించి పడుకోబెడతారు. ఆ రాత్రి గడిచేలోగా తల్లి ప్రాణమో, బిడ్డ ప్రాణమో, ఒక్కొక్కసారి రెండునూ పోతాయి. ఆ ఒక్క మాటకు వ్యతిరేకంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మేము వైద్యులము కాము. ముప్పై సంవత్సరాలకు పైగా సర్కారు కచేరీలో లెక్కల పుస్తకాలు వ్రాసి పదవీ విరమణ చేసినవారము. ఆ తరువాత బస్తీలో పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డుల కాగితాలు, షాదీ ముబారక్ ఫారాలు నింపిపెట్టడమే మా వ్యాపకమైనది. కాగితం చదవగలవాడు బస్తీలో ఒకడుంటే అన్ని కాగితాలూ అతని ఇంటికే వస్తాయి. అలాగే దవాఖాన కాగితాలు కూడా మా చేతికి వస్తుంటాయి. కొంతకాలం క్రితం ఒకే సోదరికి చెందిన రెండు కార్డులు మా బల్లమీదికి వచ్చాయి. ఆమె తండ్రి వాటిని మా ముందుంచి, ‘భాయ్‌సాబ్, ఇందులో ఏం రాసి ఉన్నదో చదివి చెప్పండి’ అని మాత్రమే అడిగారు.

ఆ సోదరికి ముప్పై ఒక్క ఏళ్ళు. అత్తవారిల్లు పాలమూరు వైపు, పుట్టినిల్లు నల్లగొండ వైపు. రెండవ కాన్పు తరువాత ఆమెకు రక్తపోటు నిలిచిపోయింది. రోజూ మాత్ర వేసుకునేది. మూడవసారి గర్భం నిలిచిన మూడవ నెలలో అత్తవారి ఊరి దవాఖానలో పేరు నమోదైనది. ఏడవ నెలలో సత్వాసా చేసి పుట్టింటికి పంపారు. మొదటి కార్డు అత్తవారి ఇంట బీరువాలోనే ఉండిపోయింది. పుట్టినింటి ఊరిలో ఆమెకు మరొక కార్డు వ్రాసి ఇచ్చారు. ఎనిమిదవ నెలలో తలనొప్పి, ముఖం వాపు అని వెళ్ళితే బి.పి. చూసి, మూత్రం చూసి, ‘నీకు బి.పి. మునుపటినుంచే ఉన్నది గదమ్మా, మాత్ర మానకు’ అని చెప్పి పంపారు. మూడవ రోజు ఫజర్‌కు ముందు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఇంటివారు అసర్ అనుకున్నారు. దమ్ చేయడానికి ఒక పెద్దమనిషిని పిలిపించారు. రెండు గంటలు అందులోనే పోయాయి. తరువాత 108 వచ్చినది. తల్లి ఎనిమిది రోజులు ఐ.సి.యు.లో ఉండి బ్రతికి బయటపడినది. బిడ్డ దక్కలేదు.

మొదటి కార్డులో మూడవ నెలలో రక్తపోటు 128/82 అని ఉన్నది. మూత్రంలో ప్రోటీను ‘లేదు’ అని ఉన్నది. రెండవ కార్డులో ఎనిమిదవ నెలలో 156/102 అని ఉన్నది. ప్రోటీను ఎదుట మూడు ప్లస్ గుర్తులు ఉన్నాయి. ఆ రెండు కార్డులను పక్కపక్కన పెట్టి చూస్తే ఏడవ తరగతి పిల్లవాడు కూడా ఏదో మారిపోయిందని చెప్పగలడు. కాని వాటిని పక్కపక్కన పెట్టినవారు ఎవరూ లేరు. ఒకటి పాలమూరు వైపు బీరువాలో, రెండవది నల్లగొండ వైపు ఒక సంచిలో ఉన్నాయి. బిడ్డను ఖననం చేసిన తరువాతనే అవి ఒకే బల్లమీదికి చేరాయి.

కచేరీలో మేము నేర్చుకున్న మొదటి పాఠం ఇది: ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని క్యాష్‌బుక్కును ఎవరూ తనిఖీ చేయలేరు. నెలాఖరున పెట్టెలో పది వేలు ఉన్నాయంటే అది లాభమో నష్టమో చెప్పడానికి నెల మొదట ఎంత ఉన్నదో తెలియాలి. గర్భిణి రక్తపోటు విషయంలోనూ ఇదే లెక్క. నేడు 156 ఉన్నదంటే, మూడవ నెలలో ఎంత ఉండినదో తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదు. పాత బి.పి. ఉన్న స్త్రీకి ఓపెనింగ్ బ్యాలెన్స్ మరింత అవసరం. ఏలనంటే, ఆమెకు రాబోయే ప్రమాదం పాత జబ్బు చాటున దాక్కొని వస్తుంది.

ఆ ప్రమాదానికి వైద్యులు పెట్టిన పేరు ప్రీ-ఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా అంటారు. మన పెద్దలు దానినే గుర్రపువాతం అన్నారు. గర్భం రాకముందే, లేదా ఇరవై వారాలకు ముందే, రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉంటే అది పాత రక్తపోటు, అనగా దీర్ఘకాలికమైనది. ప్రీ-ఎక్లాంప్సియా సాధారణంగా ఇరవై వారాల తరువాత బయటపడుతుంది. దీని మూలం గర్భంలోని మాయలో ఉన్నది. మాయకు రక్తం అందించే నాళాలు సరిగా విచ్చుకోనప్పుడు, దానినుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తంలో కలసి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అప్పుడు మూత్రపిండాలు, కాలేయం, మెదడు, రక్తం గడ్డకట్టే శక్తి అన్నీ దెబ్బతింటాయి. రక్తపోటు పెరగడం అందులో ఒక లక్షణం మాత్రమే. పాత బి.పి.కి వేసుకునే మాత్ర అంకెను కొంత దించవచ్చును గాని ఈ జబ్బును ఆపలేదు.

గర్భిణులందరిలో నూటికి ఇద్దరు మొదలు ఎనిమిది మందికి ప్రీ-ఎక్లాంప్సియా వస్తుందని అంచనా. పాత రక్తపోటు ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి వస్తుంది. అనగా, ‘బి.పి. మునుపటిదే గదా’ అని మనం ఊరట చెప్పే స్త్రీయే అందరికంటె ఎక్కువ ప్రమాదంలో ఉన్నది. భయపడవలసిన కారణాన్నే మనం ధైర్యం చెప్పే మాటగా వాడుకుంటున్నాము. ఇంతకంటె పెద్ద తలక్రిందులు ఏమున్నది?

ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. గర్భం మొదటి సగంలో రక్తపోటు సహజంగానే కొంత తగ్గుతుంది. కనుక ఐదవ నెలలో మొదటిసారి దవాఖానకు వెళ్ళిన స్త్రీకి పాత బి.పి. ఉన్నప్పటికీ అంకె మామూలుగా కనిపించవచ్చును. ఎనిమిదవ నెలలో అది పెరిగినప్పుడు పాతదో కొత్తదో చెప్పడం వైద్యునికే కష్టమవుతుంది. అందుచేతనే మూడవ నెల దాటకముందే పేరు నమోదు చేయించుకోవాలి. ‘నెలలు నిండనీ, దిష్టి తగులుతుంది, అప్పుడే చెప్పుకోవద్దు’ అని ఐదవ నెల వరకు దాచిపెట్టే మన ఇళ్ళ అలవాటు ఆ తల్లికి ఓపెనింగ్ బ్యాలెన్స్ లేకుండా చేస్తున్నది.

పాత బి.పి. ఉన్న గర్భిణికి కొత్త ప్రమాదం వచ్చినదని ఎలా గుర్తించాలి? ఇన్నాళ్ళు మాత్రతో అదుపులో ఉన్న రక్తపోటు అకస్మాత్తుగా పెరిగినా, మాత్రల మోతాదు పెంచవలసి వచ్చినా అనుమానించాలి. ఇరవై వారాల తరువాత మూత్రంలో ప్రోటీను కొత్తగా కనిపించినా, మునుపు కొద్దిగా ఉన్నది ఒక్కసారిగా హెచ్చినా అనుమానించాలి. మాత్రకు తగ్గని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు లేదా మసక, కుడి పక్కటెముకల క్రింద గాని పైకడుపులో గాని నొప్పి, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, ముఖానికీ చేతులకూ హఠాత్తుగా వాపు, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే దవాఖానకు వెళ్ళాలి, తెల్లవారనీ అనుకోరాదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గినా, క్రియాటినిన్ 1.1 దాటినా, కాలేయ పరీక్ష అంకెలు రెట్టింపైనా జబ్బు తీవ్రమైనదని అర్థం. రక్తపోటు 160/110 చేరి దిగకుండా నిలిచినదంటే అది గంటలోపు చికిత్స మొదలు కావలసిన అత్యవసర స్థితి.

వాపును గూర్చి ఒక మాట చెప్పాలి. మన ఆడవాళ్ళు వాపు ఉంటేనే ప్రమాదమనీ, లేకుంటే భయం లేదనీ అనుకుంటారు. కాళ్ళకు నీరు దిగడం చాలామంది గర్భిణులలో మామూలే. వాపు లేకుండానే గుర్రపువాతం రావడమూ ఉన్నది. ఉప్పు మానినంతమాత్రాన ఈ జబ్బు ఆగదు. మూత్రపరీక్షకూ, రక్తపోటు కొలతకూ బదులుగా నిలబడగల ఇంటి లెక్క ఏదీ లేదు.

ప్రమాదాన్ని తగ్గించే మార్గాలు లేవా? ఉన్నాయి, చవకైనవి కూడా. పాత రక్తపోటు వంటి ప్రమాదకారణం ఉన్న గర్భిణికి పన్నెండవ వారం తరువాత, పదహారవ వారం లోపు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ వైద్యుని సలహాతో మొదలుపెడితే ప్రీ-ఎక్లాంప్సియా వచ్చే అవకాశం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే దీనిని సిఫారసు చేసినది. తక్కువ కాల్షియం తినే ప్రాంతాలలో కాల్షియం మాత్రలు కూడా మేలు చేస్తాయి. పాత రక్తపోటు ఉన్న రెండువేల నాలుగువందల మందికి పైగా గర్భిణులమీద అమెరికాలో జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో, రక్తపోటును 140/90 లోపున ఉంచిన తల్లులలో తీవ్రమైన ప్రీ-ఎక్లాంప్సియా తగ్గిందనీ, బిడ్డ ఎదుగుదలకు హాని కలగలేదనీ తేలినది. ఫిట్స్ రాకుండా కాపాడే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ విలువను ముప్పైకి పైగా దేశాలలో జరిగి 2002లో వెలువడిన పరిశోధన స్థిరపరచినది. అది ఫిట్స్ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించినది. ఇవి ఏవీ కోటీశ్వరుల మందులు కావు.

మాత్రల విషయంలో ఒక హెచ్చరిక. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే రక్తపోటు మాత్రలు కడుపులోని బిడ్డ మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఇవి మన బస్తీలలో ఎందరో వాడుతున్న మాత్రలే. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీ ఇటువంటి మాత్ర వాడుతుంటే, గర్భం కోరుకునేముందే, లేదా గర్భం తెలిసిన రోజే వైద్యునికి చెప్పి మార్పించుకోవాలి. గర్భిణులకు లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి ఇస్తారు. మాత్ర తనంతట తానే మానివేయడం మాత్రం మరొక ప్రమాదం. ‘కడుపుతో ఉన్నప్పుడు మందులు వద్దు’ అని మాన్పించే అత్తలు, ఆపాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక్కడ కొందరు పాఠకులు మమ్మల్ని అడుగుతారు: మైనారిటీ హక్కుల పత్రికలో గర్భిణుల బి.పి. గోల ఎందుకు? రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉద్యోగాలు వదలి ఈ దవాఖాన ముచ్చట ఎందుకు? మా జవాబు ఇది. ఈ జబ్బుకు మతం లేదు. కాని దవాఖాన బల్ల వరకు చేరే దారికి మాత్రం పేదరికం, భాష, పర్దా, చిన్నచూపు అనే గేట్లు ఉన్నాయి. ముస్లింలు ఎక్కువగా ఉండే పెద్ద గ్రామాలలో వైద్య సదుపాయాలు కొరతగా ఉన్నాయని 2006లో సచార్ కమిటీ వ్రాసినది. మన రాష్ట్రంలో సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చినది. ఆ నివేదికలను మనం రిజర్వేషన్ శాతం కోసం మాత్రమే చదివాము. ప్రాణంతో ఉన్నవారికే రిజర్వేషన్ పనికివస్తుంది.

ఆ గేట్లలో ఒకటి చెబుతాము. రక్తపోటు కొలిచే పట్టీ చొక్కా చేతిమీదనో, బుర్ఖా చేతిమీదనో చుట్టి కొలిస్తే అంకె తప్పుతుంది. చేయి బయటకు ఉండాలి, ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి, వీపుకు ఆధారం ఉండాలి, పట్టీ గుండె ఎత్తున ఉండాలి, లావుపాటి చేతికి పెద్ద పట్టీ వాడాలి. మగవారు నిండిన వరండాలో, వరుసలో నిలబెట్టి, బుర్ఖా మీదనే పట్టీ చుట్టి వ్రాసిన అంకెను ఏ వైద్యుడు నమ్మాలి? చేయి తెరవడానికి సిగ్గుపడే స్త్రీని గద్దించడం సులభం. ఒక తెర కట్టి, ఒక ఆడ నర్సును కూర్చోబెట్టడం అంతకంటె కష్టమేమీ కాదు. తెర లేకపోవడం మనకు చిన్న విషయంగా కనిపించవచ్చును. ఆ తెర వెనుక కొలిచిన సరియైన అంకె ఒక తల్లికి ప్రాణం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనము. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2017లో కె.సి.ఆర్. కిట్ వచ్చినది, సర్కారు దవాఖానలో కాన్పులు పెరిగాయి. 2022 డిసెంబరులో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ వచ్చినప్పుడు మొదటి తొమ్మిది జిల్లాలలో గద్వాల, నాగర్‌కర్నూలు ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. 2018-20 లెక్కలలో రాష్ట్రంలో ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43; దేశమంతటికీ అది 97. ఇది గొప్పదే. కాని 43 అనేది సగటు. అచ్చంపేట అడవి అంచున, దేవరకొండ తండాల నడుమ, నారాయణపేట సరిహద్దున, వలసకు పోయిన పాలమూరు కూలీ గుడిసెలో ఆ సగటు ఎవరికీ కంచంలో వడ్డించబడదు. రక్తహీనతకు కిట్ ఇచ్చిన సర్కారు, పెండ్లికి షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు ఇచ్చే సర్కారు, ఆ పెండ్లికూతురు తల్లి కాబోతున్నప్పుడు ఆమె రెండు కార్డులను కలిపి చూసే ఏర్పాటు ఎందుకు చేయరాదు? కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం ఈ నేలమీద హిందూ ముస్లిం అందరి ఆచారం. ఆచారం తెలిసిన సర్కారు దానికి తగిన రిజిస్టరు పెట్టుకోవద్దా?

కాని సర్కారును ప్రశ్నించేముందు మన ఇంటి గడపను కూడా ప్రశ్నించుకోవాలి. ఫిట్స్ వచ్చిన గర్భిణిని అసర్ అనీ, ఆసేబ్ అనీ చెప్పి ఆమిల్ వద్దకు తీసుకుపోయేవారిని మేము ఎందరినో చూశాము. దుఆ చేయడాన్ని మేము కాదనము. దుఆ అంబులెన్సులో కూర్చొని కూడా చేయవచ్చును. ఏడవ, ఎనిమిదవ నెలలో ఫిట్స్ వచ్చినదంటే అది గుర్రపువాతం కాదని తేలేవరకు గుర్రపువాతమే. ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటిలో ఏమీ పెట్టకుండా, 108కి ఫోన్ చేయాలి. రంజాన్ మాసంలో గర్భిణికి ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉన్నది. బి.పి.కి రోజుకు రెండు మూడు సార్లు మాత్ర వేసుకోవలసిన గర్భిణి చేత, ‘నలుగురు ఏమనుకుంటారో’ అని రోజా ఉంచడం దీన్ కాదు, పరువు పిచ్చి. ఈ మాటను మన ఇమాములు జుమా ఖుత్బాలో ఒక్కసారి చెప్పితే, మేము పది వ్యాసాలు వ్రాసినదానికంటె ఎక్కువ ఫలితం ఉంటుంది.

కొందరు మిత్రులు ఒక సులభమైన మార్గం చెబుతారు: ప్రతి బస్తీకి ఒక బి.పి. మిషను కొని ఇస్తే చాలదా? కొనవలసిందే. మన వలీమాలలో ఒక్క వంటకానికి పెట్టే ఖర్చుతో నాలుగు మిషన్లు వస్తాయి. కాని మిషను ఒక్కటే చాలదని పొరుగున ఉన్న కర్ణాటక అనుభవం చెబుతున్నది. బెళగావి, బాగల్‌కోట్ జిల్లాలలో ఆశా కార్యకర్తలకు రక్తపోటు కొలిచే పరికరమూ, ఫోనూ ఇచ్చి గర్భిణుల ఇళ్ళకు పంపి పరిశోధన చేశారు. పాకిస్తాన్‌లోనూ, మొజాంబిక్‌లోనూ అదే పద్ధతిని పరీక్షించారు. 2020లో మూడింటి ఫలితాలను కలిపి చూస్తే, మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. ఎనిమిది సార్లు, అంతకు మించి ఇంటికి వెళ్ళి చూసిన తల్లుల విషయంలో మాత్రం మేలు కనిపించినది. ఒక్కసారి కొలవడం వలన ప్రయోజనం స్వల్పం. మళ్ళీ మళ్ళీ కొలిచి, వెనుకటి అంకెతో పోల్చి, తేడా కనబడిన రోజే కదిలినప్పుడే ప్రాణం నిలుస్తుంది. మళ్ళీ అదే లెక్కల పుస్తకం పాఠం.

కనుక నల్లగొండ, మహబూబ్‌నగర్, వాటినుంచి విడివడిన సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల అధికారులను మేము ఇవి అడుగుతున్నాము. ఒకటి: పాత రక్తపోటు ఉన్న ప్రతి గర్భిణికి ఇరవై వారాలలోపు రక్తపోటు, మూత్రంలో ప్రోటీను, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, కాలేయ పరీక్ష చేసి, ఆ అంకెలను మాతా శిశు సంరక్షణ కార్డు మొదటి పుటలో ఎర్ర సిరాతో వ్రాయాలి. రెండు: ఆ తరువాత ప్రతి సందర్శనలో కొత్త అంకె పక్కన పాత అంకెను కూడా వ్రాయాలి, ‘పాత బి.పి.’ అని వ్రాసి ఊరుకోవడాన్ని నిషేధించాలి. మూడు: గర్భిణి పుట్టింటికి వెళ్ళేటప్పుడు ఇక్కడి ఆశా కార్యకర్త అక్కడి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి అప్పగించాలి. నాలుగు: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక తెర, రెండు కొలతల పట్టీలు, మూత్రపరీక్ష పట్టీలు ఎల్లప్పుడూ ఉండాలి. ఐదు: మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చిన తరువాతనే పెద్ద దవాఖానకు పంపాలి, ఈ మేరకు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఎప్పుడో ఉన్నాయి. ఆరు: ఉర్దూ 2017 నుంచి ఈ రాష్ట్రానికి రెండవ అధికార భాష, ప్రమాద లక్షణాల పట్టిక తెలుగుతో పాటు ఉర్దూలోనూ, చదువురానివారి కోసం బొమ్మలతోనూ ప్రతి కేంద్రం గోడమీద ఉండాలి.

ఏడవది ఎవరికీ గుర్తుండనిది. కాన్పుతో ప్రమాదం తీరిపోదు. బిడ్డ పుట్టిన తరువాత కూడా, ముఖ్యంగా మొదటి వారంలో, రక్తపోటు ఎగసి ఫిట్స్ రావచ్చును. చిల్లా నలభై రోజులు తల్లిని గదిలో దాచి, వేడి వేడిగా వండిపెట్టే మనము ఆ గదిలోనికి బి.పి. మిషనును కూడా పోనివ్వాలి. తల్లికి ఒకసారి ఈ జబ్బు వచ్చినదంటే మున్ముందు గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఆమె జీవితమంతా రక్తపోటు చూపించుకోవలసినదే.

మమ్మల్ని, ‘గుమాస్తాకు వైద్యం ఎందుకు?’ అని అడిగినవారు కూడా ఉన్నారు. వైద్యం మేము చేయము. ఏ స్త్రీకి ఏ మందు ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి. రెండు కాగితాలు ఒకచోట చేర్చడానికి, రెండు అంకెలలో తేడా చూడడానికి, తేడా ఉన్నదని గట్టిగా చెప్పడానికి మాత్రం ఎం.బి.బి.ఎస్. చదవనక్కరలేదు. ప్రపంచంలో తల్లుల మరణాలలో సుమారు 14 శాతం రక్తపోటు జబ్బుల వలననే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రచురించిన విశ్లేషణ చెప్పినది. వాటిలో ఎన్నో ఒక అంకెను మరొక అంకెతో పోల్చిచూచినట్లయితే ఆగిపోయేవే.

సోదర సోదరీమణులారా, మీ ఇంట గర్భిణి ఉంటే ఈ పత్రిక మూసిన వెంటనే ఒక పని చేయండి. ఆమె కార్డు ఎక్కడ ఉన్నదో వెదకండి. ప్రతి పుటకు ఫోనులో ఫోటో తీసి, ఆమె ఫోనులో, భర్త ఫోనులో, పుట్టింటివారి ఫోనులో ఉంచండి. పుట్టింటికి పంపేటప్పుడు చీరలతో, మిఠాయిలతో పాటు ఆ కార్డును కూడా సంచిలో పెట్టండి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానలో గర్భిణులను వైద్యులు చూసే రోజు. ఆ రోజు కూలి పోయినా సరే ఆమెను తీసుకువెళ్ళండి. అక్కడ ఎవరైనా ‘బి.పి. మునుపటిదే గదా’ అంటే కోపగించకండి, తలవంచకండి. మొదటి పుట తెరచి చూపించి, ‘అమ్మా, మూడవ నెలలో ఇంత ఉండినది, నేడు ఇంత ఉన్నది. ఎందుకు పెరిగింది?’ అని అడగండి. జవాబు వచ్చేవరకు అక్కడినుంచి కదలకండి.

మా బల్లమీద ఆ రెండు కార్డులు నేటికీ ఉన్నాయి. ఆ తండ్రి వాటిని తిరిగి తీసుకువెళ్ళలేదు. ‘మీ దగ్గరనే ఉండనివ్వండి, ఇంకెవరికైనా చూపించడానికి పనికివస్తాయి’ అన్నారు. ఆయన మాట ప్రకారం వాటిని ఇప్పుడు మీకు చూపిస్తున్నాము.